డోర్ నెంబరుతో సహా

దేవుడికి కంచరపాలెం దారి తెలియదని ఫ్లోరెన్సమ్మకి గట్టి నమ్మకం. లేకపోతే ప్రార్థనలో అంత వివరంగా ఎందుకు చెబుతుంది?

"కృపగల తండ్రీ, రైలుగేటు దాటేక ఎడంచేతి వైపు, పిండిమర పక్క సందులో, నీలం తలుపుల ఇంట్లో, డోర్ నెంబరు ముప్పై ఏడు బై రెండులో ఉన్న నీ బిడ్డ చిలకమ్మని జ్ఞాపకం చేసుకో ప్రభువా. ఆమె మోకాలి నొప్పి నీకు తెలుసు తండ్రీ. కుడి మోకాలు ప్రభువా."

కుడిదని చెప్పకపోతే ఆయన పొరపాటున ఎడమ మోకాలు బాగుచేసి వెళ్లిపోతాడని, మళ్లీ వచ్చే శుక్రవారం దాకా ఆగాల్సి వస్తుందని ఆవిడ భయం కాబోలు. ఈ మాట అన్నది జాన్‌బాబు. అరుగు మీద కూర్చుని, బీడీ ముట్టించుకుని, లోపల కళ్లు మూసుకున్న వాళ్లందరికీ వినబడేలా అన్నాడు. అతని భార్య ప్రేమలీల కూడా ఆ లోపలే ఉంది. మొదట్లో ఆమెకి తల కొట్టేసినట్టుండేది. పోనుపోను అలవాటైపోయి, మొగుడి మాట వినబడగానే పాట గొంతు కాస్త పెంచేది.

జాన్‌బాబు పోర్టులో వించి డ్రైవరు. ఓడ మీద వించి దగ్గర కూర్చుని సరుకు ఎత్తడం, దించడం అతని పని. తండ్రి పేరు మోసిన సంఘపెద్ద. చిన్నప్పుడు బైబిలు వాక్యం అప్పజెప్పలేకపోతే కొడుకుని అన్నం పెట్టకుండా మోకాళ్ల మీద నిలబెట్టేవాడు. ఆ మోకాళ్లు పెద్దయ్యాక యూనియన్ ఆఫీసు బెంచీ ఎక్కి, ఇక ఎవరి ముందూ వంగకూడదని తీర్మానం చేసుకున్నాయి. "నాస్తికుడివి, నీకు ఆ పేరేటి బావా?" అని తోటివాళ్లు ఏడిపిస్తే, "పేరు మా బాబు ఎట్టినాడు. బుర్ర నాను ఎట్టుకున్నాను" అనేవాడు. బరువైన లోడు గాల్లో ఊగినప్పుడు మాత్రం అతని నోట్లోంచి "ప్రభువా" అని వచ్చేసేది. అది భక్తి కాదట, దగ్గు లాంటిదట.

పేటలో క్రైస్తవ కుటుంబాల వాళ్లు శుక్రవారం సాయంత్రాలు ప్రార్థన కూడిక పెట్టుకుంటారు. వంతుల ప్రకారం ఇల్లు మారుతుంది గానీ ప్రార్థన చేసే గొంతు మారదు. ఫ్లోరెన్సమ్మ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు, సిటీ బస్సులు మాత్రం ఉన్నాయి. ఓ గొడుగు, ఓ బైబిలు చేతిసంచీలో వేసుకుని మల్కాపురం నుంచి గాజువాక దాకా ఎక్కడ కూడిక ఉంటే అక్కడ దిగేది. కంచరపాలెంలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆ వారంలోగా మల్కాపురం వాళ్లు దాని గురించి కన్నీళ్లతో ప్రార్థించేవారు.

"అప్పా" అన్నాడొకసారి జాన్‌బాబు. వయసులో పెద్దది కాబట్టి అక్క వరసన ఆవిడని అప్ప అనే పిలుస్తాడు, నాస్తికత్వం ఆ మర్యాదకి అడ్డురాలేదు. "మీ దేవుడికి అన్నీ తెలుసంటారు గదా. మరి ఈ డోర్ నెంబర్లెందుకు? ఆయనేటైనా కొత్తగా డ్యూటీలో సేరిన పోస్టుమేనా?"

"నువ్వు వించి మీద కూకుని లోడు ఎత్తుతావు గదా తమ్ముడూ. అది ఎక్కడ దించాలో ఒకలు సెప్పొద్దేటి?" అంది ఫ్లోరెన్సమ్మ చెప్పులు వేసుకుంటూ.

జాన్‌బాబు పొగ వదిలాడు. ఆవిడ చెవిన పడ్డది, నోట పలికింది ఏదీ ఒక చోట ఆగదు కదా, ఇదీ చర్చి పాస్టరు అయ్యగారి దాకా వెళ్లింది. ఆదివారం ప్రసంగంలో అయ్యగారు వించి డ్రైవర్ని గుళ్లోకి తెచ్చేశారు. ఓడ కడుపులో ఏముందో వించి డ్రైవరుకి కనబడదట, అంచున నిలబడ్డ సిగ్నల్ మనిషి చెయ్యి చూసి నమ్మి లోడు దింపుతాడట, విశ్వాసమంటే అదేనట. ప్రేమలీల మురిసిపోతూ వచ్చి చెప్పింది. జాన్‌బాబు అంతా విని, "సిగ్నలోడు తప్పు సేస్తే ఆడి మీద రిపోర్టు ఇస్తాం. మీవోడి మీద ఎవుడికియ్యాలో అయ్యగార్ని అడిగిరా" అన్నాడు.

ఇలా మాటలతో తేలదని అతనే ఓ పరీక్ష పెట్టాడు. ఓ శుక్రవారం మొహం వేలాడేసుకుని ఫ్లోరెన్సమ్మ దగ్గరికి వెళ్లి, "కడుపులో పుండంట అప్పా. డాట్రుగారు సెప్పినాడు. నా పేరు గూడా ఓ మాట ఏసెయ్" అన్నాడు. పుండూ లేదు, డాక్టరూ లేడు. ఆవిడ అతని నెత్తి మీద చెయ్యి పెట్టి అక్కడికక్కడే ఓ మాట వేసింది, మిగతా మాటలు బస్సెక్కి వేసింది.

మర్నాడు ఇంటి గోడనానుకుని ఉన్న గురువులు కొట్లో టీ అడిగితే, గురువులు గ్లాసు వెనక్కి లాగేసుకున్నాడు. "పుండున్నోడివి, టీ ఏటి బావా? మజ్జిగ తాగు. బీడీలు గూడా మానేయాల నువ్వు." పోర్టులో సిగ్నల్ చూపే తాతబాబు ఓడెక్కగానే పొట్టకేసి జాలిగా చూశాడు. ఇంట్లో ప్రేమలీల ఉప్పూ కారం లేని పెరుగన్నం కలిపి పెట్టింది, పక్కనే కూర్చుని తినిపించింది కూడా. తనకి చెప్పకుండా దాచాడని కళ్లు ఒత్తుకుంది.

"సూసినారా!" అని జాన్‌బాబు యూనియన్ ఆఫీసులో బల్ల గుద్ది చెప్పాడు. "ఉత్తరం దేవుడికి అందిందో నేదో గానీ, కంచరపాలెం మొత్తానికి అందింది. ప్రార్థనంటే ఇదేనయ్యా. పక్కోడికి ఇనబడేలాగ పైనోడితో మాటాడ్డం." గెలిచాడు, కాదనలేం. కానీ గెలిచినవాడికి రోజూ పెరుగన్నమే దొరికింది. పక్కింట్లో చేపల పులుసు ఘుమఘుమలు వస్తుంటే ఎన్నాళ్లని ఉగ్గబట్టుకుంటాడు? చివరికి పుండు తగ్గిపోయిందని తనే ప్రకటించుకోవలసి వచ్చింది.

ఆదివారం గుళ్లో ఫ్లోరెన్సమ్మ లేచి నిలబడి, జాన్‌బాబు కడుపులో జరిగిన అద్భుతకార్యం గురించి సాక్ష్యం చెప్పింది. గుడంతా "స్తోత్రం" అంది. అసలు పుండే లేదంటే తను అబద్ధాలకోరు అవుతాడు, నోరు మూసుకుంటే దేవుడు గెలుస్తాడు. జాన్‌బాబు ఆ రోజు పులుసులో రెండు ముక్కలు ఎక్కువ వేయించుకుని నోరు మూసుకున్నాడు.

ఇదంతా నవ్వులాటగానే సాగిపోయేదే. కూతురు ఎస్తేరు ఉద్యోగం దగ్గర బెడిసికొట్టింది.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా లేస్తున్న రోజులవి. ఊళ్లో చదువుకున్న ప్రతి పిల్లా పిల్లాడూ గాజువాక కేసి చూపు సారించి కూర్చున్నారు. ఎస్తేరు టైపు హయ్యరు పాసైంది. మిషను మీద ఆ పిల్ల వేళ్లు పరిగెడుతుంటే ఇన్‌స్టిట్యూటు మాస్టారు మిగతా పిల్లల్ని ఆపి చూపించేవాడు. ఫ్యాక్టరీ పనులు చేస్తున్న ఓ కాంట్రాక్టు కంపెనీలో టైపిస్టు కావాలంటే పరీక్ష రాసి వచ్చింది. ఆ తర్వాత తల్లీ కూతురూ శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టారు. ఫ్లోరెన్సమ్మ కంపెనీ ఆఫీసుకి ఏ బస్సెక్కాలో, ఏ గేటు దగ్గర దిగాలో దేవుడికి సవివరంగా చెప్పింది.

జాన్‌బాబు అవేవీ నమ్మడు. అతని నమ్మకం కామరాజు మీద. కామరాజు ఆ కంపెనీలకి కూలీలని సప్లయి చేసే పెద్దమనిషి. అంతకు ముందే ఓ గేటు మీటింగులో మైకు పట్టుకుని జాన్‌బాబు అతన్ని దొంగ అన్నాడు, అన్నందుకు చప్పట్లు కూడా పడ్డాయి. అలాంటి మనిషి తెల్లారకుండా లేచి ఫిషింగ్ హార్బరుకి వెళ్లి, అప్పుడే బోటులోంచి దిగిన నిగనిగలాడే వంజరం చేపని వేలంపాటలో పాడి, దాన్ని గోనెలో చుట్టి భుజాన వేసుకుని కామరాజు ఇంటికి వెళ్లాడు. కామరాజు వేపపుల్ల నములుతూ వసారాలో తిరుగుతున్నాడు. జాన్‌బాబు చేప లోపలికిచ్చి, చేతులు కట్టుకుని, కూతురి సంగతి చెప్పుకున్నాడు. మోకాళ్లు వంగలేదు గానీ వీపు వంగింది. "సూద్దాం, సూద్దాం" అని కామరాజు ఉమ్మేశాడు, పుల్ల పిప్పినే.

ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పుకోడానికి ఏముంది గనక?

ఉద్యోగం వచ్చింది. ప్రేమలీల వీధి వీధంతా తిరిగి బెల్లమ్ముక్కలు పంచింది. "ఆదివారం అమ్మి సాక్ష్యం సెప్తాది. నువ్వొక్కసారి రావాల. నా కోసం కాదు, దాని కోసం" అని మొగుణ్ని బతిమాలింది. సంఘంలో అది ఆనవాయితీ. మేలు జరిగినవాళ్లు లేచి నిలబడి, ఎలా జరిగిందో అందరి ముందూ చెప్పాలి. జాన్‌బాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని, చాలా ఏళ్ల తర్వాత గుళ్లో అడుగుపెట్టి, చివరి బెంచీలో కూర్చున్నాడు. ఎవరూ చూడనప్పుడు ఫ్యాను కింద కాలరు సర్దుకున్నాడు. అతనికి ఓ చిన్న ఆశ ఉంది. చేప సంగతి కూతురికి తెలియదని అతనికీ తెలుసు. అయినా అంతమందికి వందనాలు చెబుతుంది కదా, ఏదో ఓ చివర మా నాన్న అంటుందని.

ఎస్తేరు లేచింది. కళ్లు మెరుస్తున్నాయి. దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. అయ్యగారికి చెప్పింది, ఫ్లోరెన్సమ్మకి చెప్పింది, తన కోసం ఉపవాసం ఉన్న అమ్మకి చెప్పింది, టైపు మాస్టారికి చెప్పింది. మోకాలు బాగోకపోయినా కూడికకి వచ్చిన చిలకమ్మకి కూడా చెప్పింది. అంతటితో కూర్చోబోయింది.

ఆ క్షణాన జాన్‌బాబుకి దేవుడున్నాడని పూర్తిగా నమ్మకం కలిగింది. లేనివాడి మీద అంత అసూయ పుట్టదు కదా. వీపు వంచింది తను, వందనాలు ఆయనకి.

"ఆగవే" అని లేచాడు. "ఎవుడికే నీ స్తోత్రం? పైనున్నోడేటి సేసినాడు? కామరాజు ఇంటి ముందర సేతులు కట్టుకుని నిలబడినోణ్ని నాను. ఆడి సేత నీకు ఉజ్జోగం ఇప్పించినోణ్ని నాను. రికమండేషను నేకపోతే నీ మొకానికి ఎవుడిస్తాడే ఉజ్జోగం?"

చివరి మాట అనాలనుకోలేదు. నోరు జారింది. ఎస్తేరు బెంచీ మీద మెల్లగా కూర్చుని, చేతివేళ్లకేసి చూసుకుంటూ ఉండిపోయింది. ఆ వేళ్లకి దొరికిన ఒక్క గెలుపునీ అంతమంది ముందు కన్నతండ్రే లాక్కున్నాడు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుంది. గాజువాకలో తనతో పనిచేసే ఓ అమ్మాయి గదిలో ఉంటానని తల్లికి మాత్రం చెప్పి బస్సెక్కింది. జాన్‌బాబు అరుగు మీదే ఉన్నాడు. కాళ్లు పక్కకి జరిపి దారిచ్చాడు గానీ నోరు తెరవలేదు, తెరవాల్సిన ఒక్కసారీ.

మొదట్లో రోషంగానే ఉన్నాడు. తనన్నది నిజమే కదా, నిజం చెబితే ఉక్రోషమా అనుకున్నాడు. ఆ నిజం ఎన్నాళ్లు బతికిందంటే, పోర్టు గేటు ముందు కామరాజు ఎదురయ్యేదాకా.

"ఏటి జాన్‌బాబూ, మీ అమ్మికి గాజువాకలో ఉజ్జోగం ఒచ్చిందంట గదా!" అన్నాడు కామరాజు సంతోషంగా, భుజం తట్టి. "నాకో ముక్క సెప్పకూడదేటి? ఆ కంపెనీలో నాను మాటసాయం సేద్దును గదా!"

"మరి... మీ ఇంటికొచ్చినాను గదండీ. వంజరం అట్టుకుని" అన్నాడు జాన్‌బాబు.

కామరాజు కాసేపు ఆలోచించాడు. "ఓ, అది నువ్వు తెచ్చిందా? పులుసు అదిరిపోయింది. ఎవులు తెచ్చేరోనని మా ఇంటిది ఒకటే అడగడం."

ఇక్కడ దేవుణ్ని ఏం అనగలం? జాన్‌బాబు జన్మలో ఒకే ఒక్కసారి ప్రార్థించాడు, నైవేద్యంతో సహా. వినాల్సినవాడు వేపపుల్ల నముల్తూ అది మర్చిపోయాడు. ఫ్లోరెన్సమ్మ లాగా కూతురి పేరూ డోర్ నెంబరూ చెప్పి ఉండాల్సిందేమో. ఆ రోజు వించి దగ్గర అతని చేతులు పనిచేశాయి గానీ మనసు పనిచెయ్యలేదు. తాతబాబు రెండుసార్లు చెయ్యూపి కేకేస్తే గానీ లోడు ఆగలేదు.

తప్పు తనదని తెలిసింది. వెళ్లి ఆ మాట చెప్పడానికి మాత్రం కాళ్లు రాలేదు. ఏమని వెళ్తాడు? ఆఖరికి అతను చేయగలిగింది ఒక్కటే. డ్యూటీ దిగగానే మెయిన్‌రోడ్డు మీద బస్టాపుకి వచ్చి, గాజువాక నుంచి వచ్చే ప్రతి బస్సు కిటికీల్లోకీ తొంగి చూసేవాడు. దిగినవాళ్లలో జడ పొడుగ్గా ఉన్న ఆడపిల్ల కనబడితే రెండడుగులు ముందుకి వేసేవాడు. కాదని తెలిశాక కండక్టరు మీద ఊరికే విసుక్కునేవాడు. చీకటి పడ్డాక ఇంటికొచ్చి, ప్రేమలీల ఏమీ అడగకపోయినా, "బీడీలకెల్లినాను" అనేవాడు.

ఫ్లోరెన్సమ్మ ఆదివారం సాయంత్రాలు ఆ బస్టాపులోనే దిగుతుంది. ఒకసారి చూసింది, ఇంకో ఆదివారం మళ్లీ చూసింది. మూడోసారి గొడుగు మూసి, "ఏటి తమ్ముడూ, ఇక్కడున్నావు?" అని అడిగింది.

"బీడీలకొచ్చినాను."

"గురువులు కొట్టు మీ గోడకే ఉన్నాది గదా?"

"ఈ బీడీలు ఏరు" అన్నాడు జాన్‌బాబు, రోడ్డుకేసి చూస్తూ.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. అక్కడే అతను భయపడాల్సింది. ఫ్లోరెన్సమ్మ మాట మింగిందంటే ప్రార్థనకి దాచుకుందన్నమాట.

ఓ రోజు ప్రేమలీల అన్నం వడ్డిస్తూ, "ఈ శుక్రవారం కూడిక మనింట్లో. అమ్మి ఒస్తానంది" అంది.

జాన్‌బాబు ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"బుధవారం గాజువాకలో కూడికకెల్లిందంట. ఆ ఎనక గదిలో ఎక్కడో కూకుందంట. ఫ్లోరెన్సొదిన ప్రార్థనలో ఏదో అన్నాదంట. అది ఇని ఒస్తానంది."

"ఏటన్నాదంట?"

"సెప్పనేదు. ఒకటే మాటంది. నువ్వు నోరిప్పకూడదంట. కూడికలో ఒక్క మాట నీ నోట్లోంచి ఒచ్చినా సంచీ అట్టుకుని ఎల్లిపోతాదంట. మరింక రాదంట." ప్రేమలీల గరిటె పక్కన పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. "నాను నిన్నెప్పుడూ ఏదీ అడగనేదు. ఈ ఒక్క పూట నోరు మూసుకో. నీ కాళ్లట్టుకుంటాను."

ఫ్లోరెన్సమ్మ తన మీద మళ్లీ ఏ రోగం కట్టిందో అని జాన్‌బాబుకి అనుమానం వచ్చింది. ఈసారి గుండెజబ్బు అయి ఉంటుంది, పుండుకి కూతురు అంత దూరం రాదు. ఏదైతేనేం అనుకున్నాడు. వస్తే చాలు, కుష్టు అని చెప్పినా ఒప్పుకుంటాడు.

శుక్రవారం జనం వచ్చారు. చాపలు పరిచారు. జాన్‌బాబు అరుగు వదిలేసి మొదటిసారి లోపల, వంటింటి గుమ్మం పక్కన ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. బీడీ లేదు, ఏం చేయాలో తెలియక చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. ఎస్తేరు చివర్న వచ్చింది. కాస్త చిక్కింది. వీధిగుమ్మం పక్కనే, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెప్పులు బయటికి తిప్పి విడిచింది, లేస్తే కాళ్లు నేరుగా దూరిపోయేలాగ. తండ్రి ఉన్న వైపు చూడలేదు. అతను మాత్రం పాటలు సాగినంతసేపూ ఆ చెప్పులకేసే చూస్తూ కూర్చున్నాడు.

పాటలయ్యాయి. అందరూ కళ్లు మూసుకున్నారు. ఫ్లోరెన్సమ్మ గొంతు సవరించుకుంది.

"కృపగల తండ్రీ, రైలుగేటు దాటేక కుడిచేతి వైపు రెండో సందులో, గురువులు కొట్టు పక్కన, డోర్ నెంబరు నలభై బై ఒకటి, నీ దాసుడు జాన్‌బాబు ఇంట్లోంచి మాట్లాడుతున్నాము ప్రభువా."

దాసుడు అనేసరికి జాన్‌బాబుకి ఒళ్లు మండింది. పళ్లు బిగబట్టాడు.

"ఇతని నోరు నీకు తెలుసు తండ్రీ. ఆ నోటి వల్ల ఈ ఇంటి దీపం గాజువాక పోయింది. మొన్న బుధవారం గాజువాకలో నీకు మనవి చేసుకున్నాను, మళ్లీ చేసుకుంటున్నాను. ఈ మనిషి ఆదివారం ఆదివారం మెయిన్‌రోడ్డు బస్టాపులో నిలబడతాడు ప్రభువా. గాజువాక బస్సు వచ్చినప్పుడల్లా కిటికీలన్నీ వెతుకుతాడు. అడిగితే బీడీలంటాడు. బీడీల కొట్టు ఇతని గోడకే ఉంది, నీకు తెలుసు. కన్నబిడ్డ కోసం అంత వెతుక్కుని, ఆ ఒక్క ముక్క బిడ్డతో చెప్పుకోలేని మూగవాడు తండ్రీ."

చిలకమ్మ కిసుక్కుమంది. జాన్‌బాబుకి చెవులు కాలిపోయాయి. పుండు కాదు, గుండెజబ్బూ కాదు. ఎవరికీ చెప్పనిది, భార్యకి కూడా చెప్పనిది, గాజువాక దాకా బస్సెక్కి చెప్పేసింది ఈవిడ. ఇది ప్రార్థనా? చాడీ! అయినా ఆ చాడీ విని కూతురు వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. అదీ కాదనలేడు.

"ఆ బిడ్డని నువ్వే తెచ్చావు ప్రభువా. ఇది నీ కార్యం, మనుషుల కార్యం కాదు. మహిమంతా నీకే."

జాన్‌బాబు లేచి నిలబడ్డాడు.

ట్రంకుపెట్టె చప్పుడైంది. మూసుకున్న కళ్లన్నీ తెరుచుకున్నాయి, ఫ్లోరెన్సమ్మవి తప్ప. ప్రేమలీల అతని చొక్కా అంచు పట్టుకుని కిందికి లాగింది. ఎస్తేరు కూడా లేచింది, సంచీ భుజాన వేసుకుంది. అదే జనం, అదే నోరు, అదే మనిషి, గుళ్లో జరిగిందే మళ్లీ మొదలైందని ఆ పిల్ల మొహంలో కనబడుతూనే ఉంది. ఒక కాలు గడప దాటింది.

"అప్ప సెప్పిందాంట్లో తప్పున్నాది" అన్నాడు జాన్‌బాబు. మైకు లేకుండా గేటు మీటింగంతా వినిపించే గొంతు ఆ చిన్న గదిలో సరిగ్గా పలకలేదు. "ముందు నా తప్పు సెప్తాను. కామరాజు ఏటీ సెయ్యనేదు. ఆడికి నా కూతురి పేరే తెలీదు. సేప తినీసినాడు, అంతే. ఉజ్జోగం అమ్మి సేతివేళ్లు తెచ్చినాయి. దేవుడిచ్చినాడో నేదో నాకు తెలీదు. నానైతే ఇయ్యనేదు. గుళ్లో అన్న మాట అబద్ధం. అంతమంది ముందర అన్నాను గనక ఇంతమంది ముందర సెప్తన్నాను."

కూతురి వైపు చూడలేక ఫ్లోరెన్సమ్మ వైపు తిరిగాడు.

"రెండోది నీ తప్పు అప్పా. ఆదివారం ఆదివారం కాదు." కోపంగా అన్నాడు, కోపమైతేనే మాట వస్తుంది కాబట్టి. "రోజూ. డ్యూటీ దిగి రోజూ ఎల్తన్నాను. సెప్పినప్పుడు సరిగ్గా సెప్పాల గదా! డోర్ నెంబర్లయితే అంత సరిగ్గా సెప్తావు!"

"రోజూ అంట ప్రభువా" అంది ఫ్లోరెన్సమ్మ వెంటనే, కళ్లు తెరవకుండా. "నాదే పొరపాటు. దిద్దుకో తండ్రీ."

ఎస్తేరు గడప మీద ఒక కాలు, బయట ఒక కాలు పెట్టుకుని అలాగే నిలబడింది. కింది పెదవి పంటితో నొక్కి పట్టింది.

"మరి ఈయాల ఎల్లనేదేటి నాన్నా?" అంది.

"ఈయాల ఎందుకెల్తానే?" అన్నాడు జాన్‌బాబు. "నువ్వు ఇక్కడున్నావు గదా."

ఎస్తేరు లోపలికి వచ్చి, భుజాన ఉన్న సంచీ దించి, అమ్మ మంచం కిందికి తోసేసింది.